మోటారు బిగించిన సైకిలు మొరాయిస్తే: బ్యాటరీ నుంచి హబ్ దాకా వరుసగా వెతికే పద్ధతి

ఇంట్లోనే కిట్ తెచ్చి మామూలు సైకిలుకు మోటారు బిగించుకున్నవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "నిన్నటిదాకా బాగానే నడిచింది. ఈ రోజు థ్రాటిల్ (హ్యాండిల్ మీది వేగం పెంచే పిడి) తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. కంట్రోలర్ మార్చాలా?"

వద్దు. కంట్రోలర్ అంటే బ్యాటరీ కరెంటును మోటారుకు అందించే పెట్టె, దాన్ని కొనడం ఆఖరి పని. నేను బిగించిన మొదటి సైకిలు తొలి వానాకాలంలోనే ఆగిపోయింది. ముందు కొత్త కంట్రోలర్ కొన్నాను, తర్వాత కొత్త థ్రాటిల్ కొన్నాను. రెండూ మార్చినా బండి కదల్లేదు. చివరికి చూస్తే ఎడమ బ్రేకు లివరులోకి నీరు చేరి చిన్న స్విచ్చు అతుక్కుపోయింది. పాత కంట్రోలర్ ఈనాటికీ పనిచేస్తోంది. కొత్తది అట్టపెట్టెలోనే ఉంది.

ఇక్కడి అంకెలన్నీ 36 వోల్టుల, 250 వాట్ల హబ్ మోటారువి (చక్రం మధ్యలోనే ఉండే మోటారు), 10 సెల్ గ్రూపులు వరుసగా కలిపిన లిథియం-అయాన్ బ్యాటరీవి. మన దేశంలో రిజిస్ట్రేషన్ అవసరం లేని విద్యుత్ సైకిళ్లకు 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల హద్దులు ఉన్నాయి కనుక మామూలుగా కనిపించే కిట్ ఇదే. 48 వోల్టుల కిట్ అయితే బ్యాటరీ అంకెలు మారతాయి, పరీక్షల వరుస మాత్రం మారదు.

## 1. చేతిలో ఉండవలసినవి

- బీప్ శబ్దం, డయోడ్ గుర్తు ఉన్న డిజిటల్ మల్టీమీటరు
- మోటారుసైకిల్ ఇండికేటర్ బల్బులు మూడు (12 వోల్టులు, 21 వాట్లు)
- టంకం వేసే ఇనుము, హీట్ ష్రింక్ గొట్టాలు (వేడికి ముడుచుకునే తొడుగులు), ఇన్సులేషన్ టేపు
- ఇరుసు నట్లకు సరిపోయే స్పానరు
- కాగితం, కలం, ఫోను
- ఒక బకెట్ ఇసుక, మంట పుడితే చల్లడానికి

ఏ కనెక్టర్ ఊడదీసినా ముందు ఫొటో తీయండి. "రంగులు గుర్తుంటాయిలే" అనుకుంటే సాయంత్రానికి నాలుగు నల్ల వైర్లు చేతిలో మిగులుతాయి.

మూడు బల్బులనూ ఒకదాని తర్వాత ఒకటి సిరీస్‌లో కలిపి టంకం వేయండి. ఇంటి ఎలక్ట్రీషియన్ వాడే సిరీస్ బల్బు లాంటిదే ఇది. అనుమానం ఉన్న కంట్రోలర్‌కు బ్యాటరీని నేరుగా తగిలించకుండా ప్లస్ వైరు మధ్యలో ఈ బల్బులు పెడతాం. ఒక్క క్షణం మెరిసి ఆరిపోతే కంట్రోలర్‌లోని కెపాసిటర్లు నిండాయన్నమాట, భయం లేదు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది. బల్బులు అడ్డుగా ఉంటే కరెంటు రెండు ఆంపియర్లు కూడా దాటదు కనుక కొత్తగా ఏదీ కాలదు.

మోటారు ఉన్న చక్రం నేలకు తగలకూడదు. వెనక మోటారుకు డబుల్ స్టాండు చాలు. ముందు మోటారు అయితే సైకిలును తలకిందులుగా నిలబెట్టకండి, హ్యాండిల్ మీది డిస్‌ప్లే పగులుతుంది. వసారా దూలానికి తాడు వేసి హ్యాండిల్‌ను వేలాడదీయండి.

ఉంగరాలు, గాజులు, లోహపు గడియారం తీసేయండి. 36 వోల్టులు షాక్ కొట్టకపోవచ్చు. కానీ బ్యాటరీ రెండు కొసలకూ ఉంగరం అడ్డం పడితే అది క్షణంలో ఎర్రగా కాలి వేలిని పట్టుకుంటుంది.

మీటరుతో తరచుగా జరిగే తప్పు ఒకటుంది. కరెంటు కొలవడానికి ఎర్ర లీడును 10 ఆంపియర్ల రంధ్రంలో పెడతాం. పని అయ్యాక మరిచిపోయి, అలాగే వోల్టేజీ కొలవబోతాం. అది బ్యాటరీని షార్ట్ చేయడమే. కరెంటు కొలవగానే లీడును వోల్టుల రంధ్రంలోకి మార్చాకే మీటరు కింద పెట్టండి.

## 2. మీటరు తీయకముందు

సగం లోపాలు ఇక్కడే దొరుకుతాయి. స్విచ్చు కట్టేసి, బ్యాటరీ ఊడదీసి, వెలుతురులో చూడండి.

కిట్లలో వచ్చే గుండ్రటి వాటర్‌ప్రూఫ్ కనెక్టర్ల మీద బాణం గుర్తులుంటాయి. రెండు బాణాలూ ఎదురెదురుగా పెట్టి సూటిగా నొక్కాలి. మూత తిప్పినట్టు తిప్పితే లోపలి సన్నని పిన్ను వంగుతుంది. బయటికి కనెక్టర్ బిగుతుగానే కనిపిస్తుంది, ఆ ఒక్క వైరు మాత్రం తగలదు. ప్రతిదాన్నీ విప్పి, ఫోను టార్చి వేసి పిన్నులు లెక్కపెట్టండి. పట్టకారుతో మెల్లగా నిటారుగా చేయవచ్చు, అయితే రెండోసారి వంగితే విరిగిపోతుంది.

లావు వైర్ల బుల్లెట్ కనెక్టర్ల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు మారిందా, కాలిన వాసన వస్తోందా చూడండి. వదులు కనెక్టర్ పనిచేస్తూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది, ఒక రోజు కరిగిపోతుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో అయితే రాగి మీద పచ్చటి పొడి పేరుకుంటుంది. దాన్ని గీకి సరిపెట్టుకోవద్దు. ఆ ముక్క కత్తిరించి కొత్త కనెక్టర్ వేయండి.

ఇక ప్రతి వైరునూ చేత్తో మెల్లగా లాగండి. పైతొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగిన వైరు రబ్బరులా సాగుతుంది. ఇది ఎక్కువగా జరిగేది హ్యాండిల్ మెడ దగ్గర, మోటారు ఇరుసు దగ్గర. హ్యాండిల్‌ను పూర్తిగా కుడికీ ఎడమకూ తిప్పి చూడండి. ఏ వైరైనా బిర్రబిగుసుకుంటే అక్కడ రెండు అంగుళాలు వదులు ఇచ్చి మళ్లీ కట్టాలి.

## 3. బ్యాటరీ

మీటరును డీసీ వోల్టులలో పెట్టి బ్యాటరీ కొసల దగ్గర కొలవండి.

- 42 వోల్టుల దగ్గర: నిండుగా ఉంది
- 36 చుట్టుపక్కల: వాడుకలో ఉంది, నడవాలి
- 31 కంటే తక్కువ: ఖాళీ అయింది, కంట్రోలరే ఆపేస్తుంది
- సున్నా, లేదా పొంతన లేని చిన్న అంకె: బీఎంఎస్ తలుపు మూసింది, లేదా ఫ్యూజు పోయింది

48 వోల్టుల బ్యాటరీలో 13 గ్రూపులుంటాయి, నిండితే 54.6 వోల్టులు చూపాలి.

బీఎంఎస్ అంటే సెల్లను కాపాడే చిన్న బోర్డు. షార్ట్ జరిగినా, ఏదైనా గ్రూపు బాగా దిగిపోయినా అది బయటికి వెళ్లే దారి మూసేస్తుంది. చాలాసార్లు ఛార్జర్ తగిలించగానే మళ్లీ తెరుచుకుంటుంది. అలా తెరుచుకుంటే సంతోషించి బయల్దేరకండి, ఎందుకు మూసిందో తెలుసుకోండి.

అందుకు సెల్ గ్రూపులను విడివిడిగా కొలవాలి. పది గ్రూపుల బ్యాటరీలో బీఎంఎస్‌కు వెళ్లే సన్న వైర్లు పదకొండు ఉంటాయి. పక్కపక్క వైర్ల మధ్య కొలిస్తే ఒక్కో గ్రూపు వోల్టేజీ తెలుస్తుంది. ముందు మీటరు సూదులకు టేపు చుట్టి, మొన మాత్రమే బయటికి కనిపించేలా చేయండి. సూది జారి రెండు పిన్నులను కలిపితే ఆ సన్న వైరు కాలిపోతుంది.

పది అంకెలూ కాగితం మీద రాయండి. తొమ్మిది గ్రూపులు 3.8 దగ్గర ఉండి ఒకటి 3.3 దగ్గర ఉంటే మొత్తం బ్యాటరీని దించుతున్నది ఆ ఒక్కటే. తేడా 0.05 లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. 0.2 దాటితే బ్యాటరీ బాగుచేసేవారి దగ్గరికి వెళ్లవలసిందే.

బ్యాటరీ విషయంలో నేను మొండిగా ఉండే సంగతులు కొన్ని ఉన్నాయి. ఉబ్బినది, తీయటి రసాయన వాసన వచ్చేది, నీట మునిగినది ఇంట్లోకి రానివ్వను. 2.5 వోల్టుల కిందికి దిగి వారాల తరబడి పడి ఉన్న గ్రూపును తిరిగి లేపే ప్రయత్నం చేయను. ఎండలో నడిపి తెచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టను, అరగంటైనా చల్లారనిస్తాను. రాత్రి పడుకునే గదిలోనూ, బయటికి వెళ్లే ఒక్క దారికి అడ్డంగానూ ఛార్జింగ్ పెట్టనివ్వను. బీఎంఎస్ పదేపదే మూస్తోందని దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపే పని మీరూ చేయకండి. ఇల్లు కాలడానికి అదే దగ్గరి దారి.

## 4. కీ వైరు, 5 వోల్టులు

బ్యాటరీ బాగుంది, డిస్‌ప్లే వెలగదు. లేదా డిస్‌ప్లే లేని కిట్‌లో ఏదీ స్పందించదు. అప్పుడు కంట్రోలర్ నుంచి వచ్చే సన్నటి ఎర్ర వైరును వెతకండి. లావు ఎర్ర వైరుతో పాటు దీనికి కూడా బ్యాటరీ ప్లస్ అందితేనే కంట్రోలర్ మేలుకుంటుంది. కీ స్విచ్చు, లేదా డిస్‌ప్లే బటన్ కలిపేది ఈ వైరునే. కీ తిప్పి, ఈ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవండి. పూర్తి బ్యాటరీ వోల్టేజీ రాకపోతే లోపం కీ స్విచ్చులోనో, డిస్‌ప్లే బటన్‌లోనో, వాటి వైర్లలోనో ఉంది.

అది సరిగా ఉంటే థ్రాటిల్ కనెక్టర్‌లో ఎర్ర, నల్ల వైర్ల మధ్య కొలవండి. 4.3 నుంచి 5 వోల్టుల మధ్య రావాలి. థ్రాటిల్, పెడల్ సెన్సర్, మోటారులోని హాల్ సెన్సర్లు (అయస్కాంతం స్థానాన్ని కనిపెట్టేవి) అన్నీ ఈ ఒక్క చిన్న సరఫరా మీదే బతుకుతాయి.

5 వోల్టులు రాకపోతే కంట్రోలర్ పోయిందని తేల్చకండి. ఇలా చేయండి:

1. మీటరు సూదులను అక్కడే ఉంచండి
2. పెడల్ సెన్సర్ కనెక్టర్ ఊడదీసి అంకె చూడండి
3. రాకపోతే థ్రాటిల్ ఊడదీయండి, కంట్రోలర్ వైపు సాకెట్‌లో కొలవండి
4. అప్పటికీ రాకపోతే మోటారు హాల్ కనెక్టర్ ఊడదీయండి

ఏది ఊడదీయగానే 5 వోల్టులు తిరిగి వస్తాయో షార్ట్ అందులో ఉంది. మూడూ ఊడదీసినా రాకపోతే అప్పుడు కంట్రోలర్‌ను అనుమానించాలి.

## 5. బ్రేకు స్విచ్చులు

కిట్‌తో వచ్చే బ్రేకు లివర్లలో చిన్న స్విచ్చు ఉంటుంది. బ్రేకు నొక్కగానే అది కలిసి, మోటారును ఆపమని కంట్రోలర్‌కు చెబుతుంది. స్విచ్చు తుప్పు పట్టి కలిసిపోయినా, లివరు పూర్తిగా వెనక్కి రాకపోయినా, బ్రేకు పట్టుకునే ఉన్నారని కంట్రోలర్ అనుకుంటుంది. డిస్‌ప్లే వెలుగుతుంది, బ్యాటరీ నిండుగా ఉంటుంది, చక్రం మాత్రం కదలదు.

పరీక్షకు అర నిమిషం చాలు. చక్రం గాలిలో ఉంచి, రెండు బ్రేకు కనెక్టర్లనూ ఊడదీసి, థ్రాటిల్ కొద్దిగా తిప్పండి. మోటారు తిరిగితే దొంగ దొరికాడు. ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తే ఏ వైపుదో తెలుస్తుంది.

లివరులో రెండు వైర్లే ఉంటే బీప్ పరీక్ష పనికొస్తుంది: నొక్కినప్పుడే మోగాలి, వదలగానే ఆగాలి. మూడు వైర్లుంటే లోపల ఉన్నది సెన్సర్, దానికి బీప్ పరీక్ష వర్తించదు.

స్విచ్చు దొరికేదాకా కనెక్టర్ ఊడదీసి నడపవచ్చా అని అడుగుతారు. పెడల్ తొక్కుకుంటూ ఇంటికి రావడానికైతే సరే. థ్రాటిల్ వాడుతూ రోజూ బజారుకు వెళ్లడానికి మాత్రం కాదు, కారణం తర్వాతి అంశంలో ఉంది.

## 6. థ్రాటిల్

కనెక్టర్ తగిలించి ఉండగానే, వెనకవైపు నుంచి మీటరు ఎర్ర సూదిని సిగ్నల్ వైరుకు (ఎర్ర, నల్ల కాని మూడోది) ఆనించండి. నల్ల సూది నల్ల వైరుకు. థ్రాటిల్ వదిలి ఉన్నప్పుడు 0.8 నుంచి 1 వోల్టు, పూర్తిగా తిప్పితే 3.5 నుంచి 4.2 దాకా రావాలి. మధ్యలో గెంతకుండా నున్నగా ఎక్కాలి.

- ఎంత తిప్పినా 0.8 దగ్గరే ఉంటే లోపలి అయస్కాంతం ఊడింది, లేదా పిడి విరిగింది
- సున్నా ఉంటే సిగ్నల్ వైరు లేదా ఎర్ర వైరు తెగింది
- వదిలి ఉన్నా 1.5, 2 వోల్టులు చూపిస్తే లోపల నీరు చేరింది
- వదిలి ఉన్నా 4 దాటితే వెంటనే స్విచ్చు కట్టేయండి

చివరిదాన్ని వివరంగా చెప్పాలి. థ్రాటిల్‌కు వెళ్లే నల్ల వైరు తెగితే సిగ్నల్ పడిపోతుందని అనుకుంటాం. జరిగేది దానికి విరుద్ధం. లోపలి సెన్సర్‌కు మైనస్ (గ్రౌండ్) దొరక్క సిగ్నల్ వైరు 5 వోల్టుల వైపు ఎగబాకుతుంది. చేయి వేయకుండానే బండి పూర్తి వేగంతో దూకుతుంది. స్విచ్చు వేసే సమయానికే సిగ్నల్ ఎక్కువగా ఉంటే చాలా కంట్రోలర్లు మోటారును కదలనివ్వవు. కానీ దారిలో, కుదుపుకు ఆ వైరు తెగితే ఆ రక్షణ పనిచేయదు. అప్పుడు మిమ్మల్ని ఆదుకునేది బ్రేకు స్విచ్చు ఒక్కటే.

నీరు చేరిన థ్రాటిల్‌ను ఎండలో కాదు, నీడలో గాలి తగిలేచోట ఒక రోజు ఆరబెట్టండి. రెండోసారి కూడా అలాగే అయితే మార్చేయండి. కిట్‌లో చవకైన వస్తువుల్లో ఇదొకటి.

## 7. పెడల్ సెన్సర్

పెడల్ ఇరుసు మీద అయస్కాంతాల చక్రం, పక్కన సెన్సర్ ఉంటాయి. రెంటి మధ్య ఖాళీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. వెనక్కి తొక్కితే మోటారు తిరిగి, ముందుకు తొక్కితే తిరగకపోతే అయస్కాంతాల చక్రం తిరగేసి బిగించారు. థ్రాటిల్‌తో నడిచి పెడల్‌తో నడవకపోతే ముందు ఆ చక్రానికి పట్టిన బురద తుడవండి. సగం కేసులు అంతటితో ముగుస్తాయి.

## 8. హాల్ సెన్సర్లు

థ్రాటిల్ తిప్పితే చక్రం వణుకుతుంది, గుర్రుమంటుంది, చేత్తో తోస్తే కాస్త తిరుగుతుంది. మోటారులోని మూడు హాల్ సెన్సర్లలో ఒకటి మాట్లాడకపోతే కనిపించే లక్షణం ఇది. అయస్కాంతం ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పేవి అవే.

మోటారు నుంచి వచ్చే సన్నటి వైర్లలో ఎర్ర, నల్ల సరఫరావి. పసుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లు. ఆరోది ఉంటే అది వేగానికో, వేడికో సంబంధించినది, ప్రస్తుతానికి వదిలేయండి.

1. థ్రాటిల్ కనెక్టర్ ఊడదీయండి, కొలిచేటప్పుడు చక్రం హఠాత్తుగా తిరగకూడదు
2. హాల్ కనెక్టర్ తగిలించే ఉంచి, స్విచ్చు వేయండి
3. నల్ల సూదిని హాల్ నల్ల వైరుకు, ఎర్ర సూదిని వెనకవైపు నుంచి పసుపు వైరుకు ఆనించండి
4. చక్రాన్ని చాలా నెమ్మదిగా తిప్పండి
5. మీటరు సున్నా దగ్గరి నుంచి 5 దగ్గరికి, మళ్లీ సున్నాకు మారుతూ ఉండాలి
6. ఆకుపచ్చ, నీలం వైర్లకూ ఇదే చేయండి

ఎంత తిప్పినా 5 దగ్గరే నిలిస్తే ఆ సెన్సర్ చచ్చింది, లేదా దాని వైరు తెగింది. సున్నా దగ్గరే నిలిస్తే సెన్సరో వైరో నల్ల వైరుతో కలిసిపోయింది. ఒక్క వైరే ఇలా ఉంటే ముందు కనెక్టర్‌లో వంగిన పిన్ను కోసం చూడండి.

మూడూ మారకపోతే కంగారుపడకండి. గేర్లు ఉన్న హబ్‌లో ఒకవైపే పట్టే క్లచ్ ఉంటుంది. చక్రాన్ని ముందుకు తిప్పితే లోపలి మోటారు కదలదు, వెనక్కి తిప్పాలి. చక్కగా ఉన్న మోటారును ఈ ఒక్క సంగతి తెలియక విప్పినవాళ్లున్నారు.

సెన్సర్ నిజంగా పోతే మోటారు విప్పి మార్చవచ్చు. అన్నం మెతుకంత నల్లటి ముక్కలు మూడు, స్టేటర్ (మోటారులో తిరగని భాగం) పళ్ల మధ్య గాడుల్లో జిగురుతో అతికి ఉంటాయి. చదును ముఖం ఎటు ఉందో ఫొటో తీశాకే పీకండి. తిరగేసి పెడితే సిగ్నల్ తలకిందులవుతుంది. ఒకటి పోతే మూడూ మార్చండి. ఇంత పని చేతకాదనిపిస్తే హాల్ సెన్సర్లు లేకుండానే నడిపే కంట్రోలర్లు దొరుకుతాయి, పెడల్ తొక్కుతూ బయల్దేరేవాళ్లకు అవి సరిపోతాయి.

## 9. ఫేజు వైర్ల జోడీ

కంట్రోలర్ నుంచి మోటారు చుట్టలకు కరెంటు తీసుకెళ్లే లావు పసుపు, ఆకుపచ్చ, నీలం వైర్లు ఫేజులు. ఒకే కిట్ అయితే రంగుకు రంగు కలిపితే చాలు. మోటారు ఒకచోట, కంట్రోలర్ ఒకచోట కొంటే రంగులు కలిసినా వరుస కలవకపోవచ్చు. అప్పుడు చక్రం వెనక్కి తిరుగుతుంది, లేదా మూలుగుతూ వేడెక్కుతుంది.

ఒకే రంగువి, ఎక్కువగా తెల్లవి, రెండు సన్న వైర్లు కంట్రోలర్ నుంచి విడిగా వచ్చి ఉంటే అవి నేర్చుకునే వైర్లు. చక్రం గాలిలో ఉంచి, రెంటినీ కలిపి స్విచ్చు వేస్తే కంట్రోలర్ వరుసను తానే కనుక్కుంటుంది. చక్రం వెనక్కి తిరుగుతుంటే ఒకసారి విడదీసి కలపండి, దిశ మారుతుంది. తర్వాత విడదీసి, కొసలకు విడివిడిగా టేపు చుట్టండి.

ఆ వైర్లు లేకపోతే హాల్ వైర్లను కదపకుండా ఫేజు వైర్లను మాత్రం మార్చి చూడాలి. మొత్తం ఆరు వరుసలే. ప్రతి మార్పుకూ స్విచ్చు కట్టండి, ప్రతిసారీ థ్రాటిల్‌ను రెండు సెకన్లకు మించి తిప్పకండి. చక్రం నున్నగా తిరిగి, గాలిలో రెండు ఆంపియర్లలోపే తీసుకుంటే వరుస కుదిరింది. నున్నగానే తిరిగినా వెనక్కి పోతుంటే రెండు ఫేజులనూ, రెండు హాల్ సిగ్నళ్లనూ మార్చి మళ్లీ వెతకాలి.

## 10. మోటారా, కంట్రోలరా

బ్యాటరీ ఊడదీసి చక్రాన్ని చేత్తో తిప్పండి. గేర్ల మోటారు అయితే వెనక్కి. ఆగి ఆగి, గుంతల్లో పడుతున్నట్టు బరువుగా తిరుగుతోందా? ఇప్పుడు మూడు ఫేజు వైర్లనూ కంట్రోలర్ నుంచి విడదీసి, ఒకదానికొకటి తగలకుండా ఉంచి మళ్లీ తిప్పండి.

తేలికైతే షార్ట్ కంట్రోలర్‌లో ఉంది. అలాగే బరువుగా ఉంటే మోటారు చుట్టల్లోనో, ఇరుసులోంచి వచ్చే వైర్లలోనో ఉంది. మోటారు బాగుందని రూఢి చేసుకోవాలంటే ఏ రెండు ఫేజు వైర్లనైనా కలిపి తిప్పండి, బరువెక్కాలి. మూడు జతలూ ఒకే బరువుతో తిరగాలి. రెండు జతలు తేలికగా ఉంటే, ఆ రెండు జతల్లోనూ ఉన్న ఫేజు తెగింది.

కంట్రోలర్‌ను డయోడ్ గుర్తు మీద పరీక్షించాలి. బ్యాటరీ తీశాక కొన్ని నిమిషాలు ఆగండి. ఎర్ర సూదిని కంట్రోలర్ లావు నల్ల వైరుకు, నల్ల సూదిని ఒక్కో ఫేజుకూ ఆనించండి: 0.4 నుంచి 0.6 రావాలి. తర్వాత ఎర్ర సూది ఫేజుకు, నల్ల సూది లావు ఎర్ర వైరుకు: మళ్లీ అంతే రావాలి. మొత్తం ఆరు అంకెలు, ఆరూ దాదాపు ఒకటే ఉండాలి. ఒకచోట సున్నా వచ్చి బీప్ మోగితే అక్కడి మాస్‌ఫెట్ (కరెంటును కలిపి తెంచే ఎలక్ట్రానిక్ స్విచ్చు) కాలింది. ఇప్పుడు కొత్త కంట్రోలర్ కొనండి. కొన్నాక మొదటిసారి మాత్రం ఆ మూడు బల్బుల గుండానే కరెంటు ఇవ్వండి. పాతదాన్ని కాల్చిన షార్ట్ ఇంకా మోటారు వైర్లలో ఉంటే కొత్తదాన్నీ కాలుస్తుంది.

## 11. గాలిలో తిరుగుతుంది, మనిషి ఎక్కితే ఆగిపోతుంది

ఇది బ్యాటరీ లేదా కనెక్టర్ల జబ్బు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆగి, స్విచ్చు కట్టి వేస్తే మళ్లీ నడుస్తుంది.

మీటరును బ్యాటరీ కొసలకు కట్టి, స్టాండు మీదే థ్రాటిల్ తిప్పుతూ ఇంకొకరిని మోటారు ఉన్న చక్రం బ్రేకు మెల్లగా పట్టమనండి. బ్రేకు స్విచ్చు కనెక్టర్‌ను ఆ కాసేపు తీసి ఉంచాలి, పరీక్ష అయిదు సెకన్లలో ముగియాలి. బరువుకు రెండు మూడు వోల్టులు తగ్గడం మామూలే. 38 నుంచి 31కి కూలితే బ్యాటరీ బలహీనపడింది, మూడో అంశంలోని గ్రూపుల కొలతకు వెళ్లండి.

బ్యాటరీ దగ్గర నిలకడగా ఉండి, కంట్రోలర్ దగ్గర తక్కువ చూపిస్తే మధ్యలో కనెక్టర్ తింటోంది. ఏదో తెలియాలంటే ఒకే కనెక్టర్‌కు అటు ఒక సూది, ఇటు ఒక సూది పెట్టి బరువు మీద కొలవండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు కనిపిస్తే, 12 ఆంపియర్ల దగ్గర ఆ చిన్న ముక్కలో ఆరు వాట్ల వేడి పుడుతోందని లెక్క. ఆ కనెక్టర్ టంకం వేసే ఇనుములా మారే దారిలో ఉంది.

## 12. ఇరుసు, చప్పుళ్లు

మోటారు చక్రాన్ని ఎంత బలంగా ముందుకు తోస్తుందో, ఇరుసు అంతే బలంగా వెనక్కి తిరగాలని చూస్తుంది. ఫోర్కు గాడిలో దాన్ని పట్టి ఉంచేది ఇరుసు రెండు చదును ముఖాలు, వాషర్లు, టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా ఫోర్కుకు బిగించే లోహపు పట్టీ). అల్యూమినియం ఫోర్కుకు, ముందు సస్పెన్షన్ ఫోర్కుకు టార్క్ ఆర్మ్ లేకుండా మోటారు బిగించడం ప్రమాదం. గాడి పగిలితే ముందు చక్రం ఊడిపోతుంది.

ఇరుసు ఒక్కసారి గిర్రున తిరిగితే లోపలి నుంచి వచ్చే వైర్లన్నీ మెలిపడి, తాడు పేనినట్టు చుట్టుకుని తెగుతాయి. ఒకసారి నాకు అలా జరిగింది. ఎర్ర సన్న వైరు తొడుగు లేచిపోయి, లావు పసుపు వైరు రాగికి ఆనుకుని ఉంది. 5 వోల్టుల దారిలోకి 36 వోల్టులు దూరాయి. మూడు హాల్ సెన్సర్లు, థ్రాటిల్, కంట్రోలర్ అన్నీ ఒక్క క్షణంలో పోయాయి. కారణం ఒక వదులు నట్టు.

చప్పుళ్ల సంగతి త్వరగా తేల్చవచ్చు. మోటారు తిరిగే మోత వినిపిస్తూ చక్రం కదలకపోతే నైలాన్ గేర్ల పళ్లు అరిగాయి, లేదా క్లచ్ జారుతోంది. గరగర చప్పుడు బేరింగ్‌ది. టిక్కు టిక్కుమంటే స్పోకులు వదులయ్యాయి. కొత్తగా బిగించిన మోటారు చక్రానికి వంద కిలోమీటర్లలోపే సైకిల్ షాపులో ఒకసారి స్పోకులు బిగింపించండి.

## 13. తిరిగి బిగించి రోడ్డెక్కే ముందు

- ఇరుసు దగ్గర వైరు కిందికి వంగి తర్వాత పైకి వెళ్తోందా? వాన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోవాలి, హబ్‌లోకి పోకూడదు
- కనెక్టర్ల నోళ్లు కిందికో పక్కకో చూస్తున్నాయా?
- కంట్రోలర్‌కు గాలి తగులుతోందా? స్పాంజి చుట్టి సంచిలో కుక్కితే మే నెల ఎండకు తట్టుకోదు
- బ్రేకు స్విచ్చులు తిరిగి తగిలించారా? చక్రం తిరుగుతుండగా ఒక్కొక్క లివరూ నొక్కి చూడండి, మోటారు ఆగాలి
- బ్యాటరీ కుదుపుకు కదలకుండా పట్టీ ఉందా?
- ఇరుసు నట్లు రెండు వైపులా బిగుతుగా ఉన్నాయా? వాటి మీద పెయింటుతో ఒక గీత గీయండి, వదులైతే గీత పక్కకు జరిగి కనిపిస్తుంది

మొదటి సవారీ రెండు కిలోమీటర్లు, మిట్ట లేని వీధిలో, హెల్మెట్ పెట్టుకుని. ఆగి ప్రతి కనెక్టర్‌నూ, కంట్రోలర్ పెట్టెనూ, హబ్‌నూ చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడి ఏదైనా ఒక్కచోట తగిలితే బ్యాటరీ తీసేసి, తొక్కుకుంటూ ఇంటికి వచ్చి ఆ ఒక్కచోటునే విప్పండి. అంతా బాగుంటే పది కిలోమీటర్లు తిరిగాక ఇరుసు నట్లను మళ్లీ ఒకసారి బిగించండి.